తెలుగు గంటలో తమిళ నవల

‘గోపల్ల గ్రామము’ను మన పిల్లలందరు తరగతిలో కలిసి చదువవలెనని నేను చెప్పినప్పుడెల్ల మన పెద్దలు కొందరు నొసలు చిట్లింతురు. తెలుగు గంటలో తమిళ పుస్తకమేమిటని వారి ప్రశ్న. సరియే, వారి యిండ్లలో తెలుగు పుస్తకమునైనను తెరచువారెవరో సెలవిత్తురా?

కి. రాజనారాయణన్ గారి యీ నవల 1976లో వెలువడెను. ఆయనది కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామము, ఇంటిభాష తెలుగు. బడిచదువు స్వల్పమైనను పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండి, 2021లో పరమపదించిరి. తెలుగునాడు విడిచి దక్షిణమునకు వలసవచ్చినవారు కరిసల్ నేలలో, అనగా నల్లరేగడిలో, అడవిని కాల్చి పొలము చేసి ఊరు కట్టుకొన్న కథ యది. దాని తరువాతి కథయైన ‘గోపల్లపురత్తు మక్కళ్’నకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించెను. మన కథను దేశము గౌరవించినది. మన సంఘములో ఆ పేరు విన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇప్పుడు పిల్లలకు మనము చెప్పుచున్న చరిత్ర యేది? 1529లో విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చెను; తిరుమల నాయకుడు మహలు కట్టించెను; రాణి మంగమ్మ సత్రములు వేయించెను. వార్షికోత్సవమున బాలుడొకడు దీనిని చిలుకవలె వల్లించును, చప్పట్లు మ్రోగును, వానికొక స్టీలు గిన్నె యిత్తుము. నాయకరాజులను నేను తక్కువ చేయుటలేదు. కాని మహలులో నివసించినవారెందరు? మనలో అనేకుల తాతలు నాగలి పట్టినవారు, ప్రత్తి యేరినవారు. వారి పేర ఎవరును శిలాశాసనము వేయించలేదు.

నవల కల్పన గదా, చరిత్ర యెట్లగునని మరియొక ఆక్షేపణ. కల్పనయే, కనుకనే దానిని ప్రశ్నింప వచ్చును. అందులో మంగత్తాయారను ముదుసలి వలసకు చెప్పు కారణము చూడుడు: ఇంటి ఆడపిల్ల చెన్నాదేవిపై ఒక ముసల్మాను ప్రభువు కన్నుపడెను, పరువు కాపాడుకొనుటకై రాత్రికి రాత్రి కదలిరి. ఇట్టి కథ దక్షిణమునకు వచ్చిన తెలుగు కులములు పెక్కింటిలో వినబడును. చరిత్రకారులో, విజయనగర సేనల వెంట వచ్చిరనియు, మధుర నాయకుల 72 పాళెముల వ్యవస్థలో నిలద్రొక్కుకొనిరనియు, రేగడి సాగు వారికి పూర్వపరిచితమనియు చెప్పుదురు. ఒకే కథ యిన్ని యిండ్లలో ఏల యున్నది? పదునాలుగేండ్ల పిల్లవానికి ఈ సందేహము కలిగినచో వాడు చరిత్రలో అడుగు పెట్టినట్లే. అయితే ఒంటరిగా చదివినవానికి ఎదురుచెప్పువాడెవడు? తరగతియంతయు ఒకే పుస్తకము పట్టినప్పుడే వాదము పుట్టును. మరునాడు ఒక్కొక్కడు తన అవ్వను అడిగి రావలెను: మనమెచ్చటినుండి వచ్చితిమి, ఏ యేరు దాటితిమి, ఇలవేలుపు ఎవరు? ఒక యవ్వ మాట వేరొక యవ్వ మాటతో పొసగదు. అప్పుడు ఉపాధ్యాయునికి చేతినిండ పని.

పిమ్మట పిల్లలను కయత్తారునకు తీసికొనిపోవచ్చును. 1799 అక్టోబరు 16న కట్టబొమ్మనను ఉరితీసినది అచ్చటనే. ఆయన తెలుగువాడా, తమిళుడా యని మనవారు కాఫీ చల్లారువరకు పంతములాడుదురు. పాళెగాండ్రు ఎవరినుండి యేమి వసూలు చేసిరి, కంపెనీవారు ఎంత కప్పము కోరిరి అని పిల్లలు అడిగినచో మేలు.

ఇక భాష మాట. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రమున పదవ తరగతి వరకు తమిళము విధియైనది. మన పిల్లలు తమిళమును గడగడ చదువుదురు. తెలుగు అక్షరములు కూడబలుకుకొందురు. దీనికి వగచుచు కూర్చుండుటకంటె తమిళములో చదివించి తెలుగులో మాటలాడింపరాదా? అవ్వ చెప్పినదానిని తెలుగు లిపిలో వ్రాయింపరాదా? అయితే ఒక నియమము: అవ్వ పలికినట్లే వ్రాయవలెను. ‘ఇది తెలుగా?’ యని మన పండితులు వెక్కిరించుట మానవలెను. మూడు నాలుగు వందల ఏండ్లు పరిసరమంతయు తమిళమే యైయుండగా ఇంటిలో నిలిచిన తెలుగు అది. బడిలో నలుగురి యెదుట నవ్వులపాలైన నాటినుండి పిల్లలు దానిని ఇంటను పలుకుట మానుచున్నారు. తమిళమువలన కలిగిన నష్టముకంటె మన నవ్వువలన కలిగిన నష్టమే యెక్కువ.

కార్యవర్గము వారికి నా కోరిక ఒక్కటి. ఈ యేడు బహుమతుల పద్దులో గిన్నెలు మాని ముప్పది ప్రతులు కొనుడు. తెలుగు గంట యింకను మిగిలియున్న ఒక పాఠశాలకు పంపుడు. రశీదులు, లెక్కలు నేను వ్రాసి యిత్తును. ఉద్యోగము చేసినన్నాళ్లు ఆ పనియే చేసితిని.