తీగ పోయింది, తికమక మిగిలింది

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే పిన్నిగారికి డెబ్బై దాటాయి. వేళ్లు కొంచెం వణుకుతాయి, చూపు కూడా మందగించింది. రాత్రిపూట ఫోన్‌కు చార్జర్ పిన్ను గుచ్చడం ఆమెకు రోజూ ఒక పరీక్షే. అది తెలిసే, సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన కొడుకు గుండ్రటి వైర్‌లెస్ చార్జర్ ఒకటి తెచ్చాడు. పండగ హడావిడిలో పెట్టె విప్పి చూపించే తీరిక కూడా దొరక్కుండానే తిరిగి విమానం ఎక్కేశాడు. పిన్నిగారు వారం రోజులు ఫోన్‌ను ఆ బిళ్ల మీద అటు తిప్పి, ఇటు తిప్పి పెట్టి చూశారు. చార్జింగ్ ఎక్కలేదు. చివరికి నన్ను పిలిచి, ‘‘నాకే పెట్టడం చేతకావడం లేదేమో, ఒక్కసారి చూడు నాయనా’’ అన్నారు.

ఆమె చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆ ఫోన్‌లో వైర్‌లెస్ చార్జింగ్ సదుపాయమే లేదు. చార్జర్ పెట్టె మీద మాత్రం ఏ స్మార్ట్‌ఫోన్‌కైనా పనికొస్తుందన్న భావం కలిగేలా పెద్ద అక్షరాలున్నాయి. షరతులన్నీ అడుగున, ఆమె కళ్లద్దాలకు కూడా అందనంత సన్నగా ఉన్నాయి. వస్తువు పనిచేయకపోతే తప్పు తనదేనని ఒక పెద్దావిడ వారం రోజుల పాటు నమ్మారు. ఆ నమ్మకమే నాచేత ఇది రాయిస్తోంది.

ఇందులోని సూత్రం చాలా పాతది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. చార్జర్ బిళ్లలో ఒక రాగితీగ చుట్ట ఉంటుంది, ఫోన్ వెనక పలక లోపల మరొకటి ఉంటుంది. మొదటి చుట్టలో సెకనుకు లక్షకు పైగా డోలనాలతో కరెంటు పారుతుంటే దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. రెండింటి మధ్య ఎడం కొద్ది మిల్లీమీటర్లకు మించకూడదు, ఒకదాని నడిబొడ్డు మరోదాని నడిబొడ్డుకు ఎదురుగా ఉండాలి. ఫోన్‌లో ఆ రెండో చుట్ట లేదంటే ఎంత ఖరీదైన చార్జరైనా బల్ల మీద బిళ్ల కిందే లెక్క.

ఏ ఫోన్‌లో ఆ చుట్ట ఉంది? ధరను బట్టి కొంతవరకు ఊహించవచ్చు గానీ పూర్తిగా నమ్మలేం. ఐఫోన్లకు 2017లో వచ్చిన 8, ఎక్స్ మోడళ్లతో ఈ సదుపాయం వచ్చింది. శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో ఏళ్ల తరబడి ఉంది, అదే కంపెనీ ఏ55లో లేదు. గూగుల్ పిక్సెల్ 6ఏలో లేదు, ఆ తర్వాతి 7ఏలో వచ్చింది. వన్‌ప్లస్ సంగతి మరీ చిత్రం: 10 ప్రోలో ఉంది, 2023లో వచ్చిన 11లో తీసేశారు, 2024లో 12లో మళ్లీ పెట్టారు. యాభై వేలు దాటిన ఫోన్‌లోనే ఇలా ఉంటే, కొనేవాడు దేన్ని చూసి అంచనా వేసుకోవాలి? వెనక పలక గాజుదైతే ఉన్నట్టేనని కొందరు దుకాణదారులు చెబుతుంటారు. లోహపు పలక అయస్కాంత క్షేత్రానికి అడ్డం కాబట్టి గాజు పెట్టడం నిజమే, కానీ గాజు ఉన్న ప్రతి ఫోన్‌లోనూ చుట్ట ఉండదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ సాంకేతిక వివరాల్లో ‘వైర్‌లెస్ చార్జింగ్’ అన్న మాట, దాని పక్కన వాట్ల సంఖ్య, రెండూ కనిపిస్తేనే నమ్మాలి.

మన దేశంలో ముప్పై వేల లోపు ఫోన్లలో ఈ సదుపాయం అరుదు. వేళ్లు వణికేవాళ్లు, చూపు ఆననివాళ్లు, పిన్ను గుచ్చీ గుచ్చీ పోర్టు వదులైపోయిన పాత ఫోన్లు వాడుకునేవాళ్లు, వీళ్లకే ఇది నిజంగా అవసరం. ఇళ్లలో పెద్దవాళ్లకు కొనిచ్చేది మాత్రం పది, పదిహేను వేల ఫోన్ లేదా పిల్లలు వాడి వదిలేసిన పాతది. అవసరమున్న చోటికి సౌకర్యం చేరడం లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలాంటి చోట్ల ఇందుకు విరుగుడన్నట్టు ఒక పలచని స్టిక్కర్ దొరుకుతుంది. దాన్ని ఫోన్ వెనక అతికించి, దాని తోకను చార్జింగ్ పోర్టులో గుచ్చాలి. చార్జింగ్ ఎక్కుతుంది, కానీ నెమ్మదిగా. పైగా ఉన్న ఒక్క పోర్టూ మూసుకుపోతుంది, వేడి పెరుగుతుంది. పిన్నిగారికి అది కొనిపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

సరే, ఫోన్‌లో చుట్ట ఉందనుకుందాం. అసలు చిక్కు వేగం దగ్గర మొదలవుతుంది. చార్జర్ పెట్టె మీద 15 వాట్లని రాసి ఉంటుంది. ఆ 15 వాట్లు ఫోన్‌లోకి చేరాలంటే గోడకు పెట్టే అడాప్టర్ అంతకంటే ఎక్కువ ఇవ్వాలి, కేబుల్ దాన్ని మోయాలి, బిళ్ల దాన్ని అందించాలి, ఫోన్ పుచ్చుకోగలగాలి. నాలుగింటిలో ఏది బలహీనమైతే లెక్క అక్కడికే ఆగిపోతుంది. దుకాణంలో మనకు చూపించేది మూడోదాన్ని మాత్రమే.

ముందు అడాప్టర్ సంగతి. 15 వాట్ల బిళ్లకు మామూలుగా 20 వాట్ల పవర్ డెలివరీ అడాప్టర్ కావాలి. బిళ్ల పెట్టెలో చాలాసార్లు అది ఉండదు. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో, మరుసటి జనవరిలో గెలాక్సీ ఎస్21తో ఫోన్ పెట్టెల్లోంచి కూడా అడాప్టర్ మాయమైంది. ఇంట్లో సొరుగు వెతికితే దొరికే పాత 5 వాట్ల అడాప్టర్‌కో, టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ రంధ్రానికో తగిలిస్తారు. ఆ రంధ్రం ఇచ్చేది చాలా టీవీల్లో రెండున్నర వాట్లే. బిళ్ల మీద దీపం వెలుగుతుంది, ఫోన్ తెర మీద మెరుపు గుర్తు కూడా కనిపించవచ్చు. తెల్లారేసరికి బ్యాటరీ పూర్తిగా నిండకపోవచ్చు.

ఫోన్ పుచ్చుకునే సంగతి ఇంకా గందరగోళం. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్టియం క్యూఐ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తెచ్చింది. దాని కనీస స్థాయి 5 వాట్లు, పై స్థాయి 15. ఐఫోన్ 12 నుంచి మాగ్‌సేఫ్ (చార్జర్‌ను అయస్కాంతాలతో పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న మోడళ్లలో చాలావి 15 వాట్లు తీసుకోగలవు, అయితే ఆపిల్ ధ్రువీకరించిన మాగ్‌సేఫ్ చార్జర్ మీదో, కొత్త ప్రమాణమైన క్యూఐ2 చార్జర్ మీదో పెడితేనే. మామూలు క్యూఐ బిళ్ల మీద అదే ఫోన్ 7.5 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మార్కెట్లో ‘మాగ్‌సేఫ్ కంపాటిబుల్’ పేరుతో అమ్ముతున్న చౌక బిళ్లల్లో చాలావాటిలో ఉన్నది అయస్కాంతాల వలయం మాత్రమే. ఫోన్ వాటికి గట్టిగా అతుక్కుంటుంది, వేగం సగమే. అతుక్కుంది కదా, అంతా సరిగానే ఉందని మనం అనుకుంటాం. ఇక వన్‌ప్లస్ 12 ప్రకటనల్లో కనిపించే 50 వాట్ల వైర్‌లెస్ చార్జింగ్ ఆ కంపెనీ ఎయిర్‌వూక్ చార్జర్ మీదే సాధ్యం. వేరే బిళ్ల మీద మామూలు క్యూఐ వేగమే.

ఈ తేడాలు ఎంత పెద్దవో ఒక చిన్న లెక్క చెబుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిండేది సుమారు 19 వాట్ అవర్ల శక్తి. 5 వాట్లతో నింపితే, నష్టాలేమీ లేవనుకున్నా, దాదాపు నాలుగు గంటలు పడుతుంది. రాత్రంతా తలగడ పక్కన ఉండే ఫోన్‌కు అది చాలు. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరే ముందు అరగంటలో కొంచెం ఎక్కించుకుందామనుకునే వాళ్లకు ఏమాత్రం చాలదు. అందుకే బిళ్ల కొనేముందు, దాన్ని ఏ వేళ వాడతామన్నది మనల్ని మనం అడిగి తీరాలి.

వేడి గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. తీగలో నేరుగా పారాల్సిన కరెంటు అయస్కాంత క్షేత్రంగా మారి మళ్లీ కరెంటు అయ్యే దారిలో కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ వేడి బిళ్లలోనూ, ఫోన్ వీపులోనూ, అంటే బ్యాటరీ పక్కనే పుడుతుంది. లిథియం బ్యాటరీ ఆయుష్షును తగ్గించేవాటిలో వేడి ప్రధానం. తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో మధ్యాహ్నం బయట 44 డిగ్రీల దాకా పోతుంది. ఏసీ లేని గదిలో గోడలే వేడి కక్కుతుంటాయి. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ వేగం తగ్గిస్తుంది, అవసరమైతే 80 శాతం దగ్గర ఆపేస్తుంది. పెట్టె మీద 15 వాట్ల అంకె మన వేసవిలో మొదటి కొద్ది నిమిషాల ముచ్చటే. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారవుతున్న కియా సోనెట్ 2020లో మార్కెట్లోకి వచ్చినప్పుడు, ఫోన్‌ను చల్లబరిచే ఏర్పాటున్న వైర్‌లెస్ చార్జర్‌ను దాని ప్రత్యేకతల్లో ఒకటిగా చెప్పుకున్నారు. ఏసీ ఉన్న కారులోనే ఆ ఏర్పాటు అవసరమని కార్ల కంపెనీ గుర్తించింది. మన గదుల్లో వాడే బిళ్లల్లో చాలావాటికి ఆ రక్షణ లేదు.

వెచ్చబడటమంటే కరెంటు వృథా కావడమే. 2020లో అమెరికాలో ఒక టెక్నాలజీ పాత్రికేయుడు పిక్సెల్ 4 ఫోన్‌తో కొలిచి చూస్తే, సున్నా నుంచి నిండే దాకా తీగతో 14.26 వాట్ అవర్లు, వైర్‌లెస్‌తో 21.01 వాట్ అవర్లు ఖర్చయ్యాయి. దాదాపు సగం ఎక్కువ. రోజుకొకసారి పూర్తిగా నింపినా ఏడాదికి తేడా రెండున్నర యూనిట్లు, ఒక ఇంటి కరెంటు బిల్లులో కనిపించనే కనిపించదు. కోటి ఫోన్లకు లెక్కేస్తే రెండున్నర కోట్ల యూనిట్లవుతుంది. ఈ కారణంతో వైర్‌లెస్ వద్దనను. అవసరం లేని చోట ఫ్యాషన్ కోసం కొనవద్దంటాను.

ఇంట్లో గుండెకు పేస్‌మేకర్ అమర్చినవాళ్లుంటే ఇంకో జాగ్రత్త తప్పనిసరి. మాగ్‌సేఫ్ ఫోన్లను, చార్జర్లను ఆ పరికరానికి 15 సెంటీమీటర్లకు పైగా, వైర్‌లెస్ చార్జింగ్ నడుస్తున్నప్పుడు 30 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంచాలని ఆపిల్ సూచిస్తోంది. తలగడ పక్కన పెట్టుకునే అలవాటున్న పెద్దలకు ఈ మాట ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. అలాగే ఫోన్ పౌచ్‌లో దాచుకునే ఏటీఎం కార్డులు, కారు హోల్డర్ కోసం అతికించిన ఇనుప బిళ్ల, వేలికి తొడిగే ఉంగరపు పట్టీ, ఇవన్నీ తీసేశాకే చార్జింగ్ పెట్టాలి. మంచి చార్జర్ మధ్యలో లోహాన్ని గుర్తించి ఆగిపోతుంది. నాసిరకంది ఆగకపోవచ్చు.

ఈ చిక్కుముడిలో ఒక మంచి పరిణామం క్యూఐ2. 2023 జనవరిలో ప్రకటించిన ఈ ప్రమాణానికి ఆపిల్ తన మాగ్‌సేఫ్ పరిజ్ఞానాన్ని ఇచ్చింది. అయస్కాంతాలు రెండు చుట్టలనూ సరిగ్గా ఎదురెదురుగా నిలుపుతాయి కాబట్టి నష్టం తగ్గుతుంది, 15 వాట్లు కంపెనీతో నిమిత్తం లేకుండా అందుతాయి. 2025లో దీన్ని 25 వాట్లకు పెంచారు, పిక్సెల్ 10 ఫోన్లలో అయస్కాంతాలు లోపలే వచ్చాయి. అయితే ఇక్కడా ఒక మెలిక పెట్టారు. గెలాక్సీ ఎస్25ను ‘క్యూఐ2 రెడీ’ అన్నారు. అయస్కాంతాలున్న పౌచ్ విడిగా కొని తొడిగితేనే దాని లాభం అందుతుందని దాని అర్థం. ఆపిల్ సొంత ఐఫోన్ 16ఈలో మాగ్‌సేఫ్ అయస్కాంతాలే లేవు, దాని వైర్‌లెస్ వేగం 7.5 వాట్లే. ఉమ్మడి ప్రమాణం వచ్చాక కూడా కొనేవాడికి పదాల అర్థం వెతుక్కునే పని తప్పడం లేదు.

ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ఫోన్ అందుకు తగినదైతే క్యూఐ2 ధ్రువీకరణ ఉన్న బిళ్లనే కొనమంటాను. ధ్రువీకరణ నిజమో కాదో కన్సార్టియం వెబ్‌సైట్‌లోని ఉత్పత్తుల జాబితాలో చూసుకోవచ్చు. అడాప్టర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిపోల్చుకోవచ్చు. ఇవన్నీ మనం చేసుకోగలిగిన పనులే. పిన్నిగారు చేసుకోగలరా? డెబ్బై ఏళ్ల మనిషి బిళ్ల కొనడానికి వాట్లు, ప్రమాణాలు చదువుకోవాలని కోరడం న్యాయం కాదు. ఆ భారం తయారీదారు మీద ఉండాలి.

ప్రభుత్వానికి ఇది కొత్త దారేమీ కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడి, యూఎస్‌బీ-సీ పోర్టు మీద ఏకాభిప్రాయం సాధించింది. 2023 జనవరిలో బీఐఎస్ ఆ ప్రమాణాన్ని ప్రచురించింది. 2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి అయింది. ఆ యూరప్ చట్టం వైర్‌లెస్‌ను అప్పటికి పక్కన పెట్టి, మున్ముందు ఏకరూపత తెచ్చే బాధ్యతను యూరోపియన్ కమిషన్‌కు అప్పగించింది. మనం అంతదాకా ఆగనక్కర్లేదు. సాంకేతికతను శాసించమని నేను అడగడం లేదు, పెట్టె మీద నిజం రాయించమంటున్నాను. ఈ చార్జర్ వైర్‌లెస్ సదుపాయం ఉన్న ఫోన్లకే పనిచేస్తుందని, ఎన్ని వాట్ల అడాప్టర్ కావాలో, అది ఈ పెట్టెలో ఉందో లేదో, ధ్రువీకరణ లేని ఫోన్లకు అందేది ఎన్ని వాట్లో ముందు వైపు, పెద్ద అక్షరాల్లో, తెలుగుతో సహా స్థానిక భాషల్లో ఉండాలి. ఫోన్ పెట్టె మీద కూడా ‘వైర్‌లెస్ చార్జింగ్ లేదు’ అని రాయడానికి ఖర్చేమీ కాదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకే పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు. ఆ అధికారం ఈ పెట్టెల మీదికీ రావాలంటే ఫిర్యాదులు చేరాలి. మీరు కొన్న చార్జర్ పెట్టె మీద చెప్పినట్టు పనిచేయకపోతే బిల్లు దాచండి, పెట్టెను ఫొటో తీయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.