కొట్టివేసిన పద్దు



ఈ శీర్షిక కింద నేను మామూలుగా వీలునామాలు, నామినేషన్లు, పోస్టాఫీసు పథకాల గురించి రాస్తూ ఉంటాను. ఈసారి ఒక ఆట కథ చెబుతాను. మన సంఘం స్వర్ణోత్సవం మీద రాబోయే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టబోతున్నారు. కోశాధికారిగా నేనేమంటానోనని పెద్దలూ అడుగుతున్నారు, కుర్రవాళ్లూ అడుగుతున్నారు. నా జవాబు ఈ కథలోనే ఉంది.

2016 అక్టోబరులో మూడు వారాలు సెలవు పెట్టి లండన్‌లో మా అక్కయ్యగారింటికి వెళ్లాను. వాళ్లుండేది రిచ్‌మండ్ వైపు. ఒక శనివారం భోజనాలయ్యాక బావగారు, "ఏమోయ్, పడుకుంటావా, మ్యాచికి వస్తావా?" అన్నారు. క్రికెట్ అనుకుని లేచాను. తీరా వెళ్తే అది రగ్బీ!

రగ్బీ అంటే మన ఒడిశాకు పూర్తిగా కొత్తేమీ కాదు. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకునే గిరిజన బాలురు 2007లో లండన్ వెళ్లి, పద్నాలుగేళ్లలోపు వారి పోటీలో గెలిచి వచ్చారు. నాకు మాత్రం ఆటలో ఓనమాలు రావు. జట్టుకు 15 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు. కాని చేత్తో తనవాడికి అందించాలంటే పక్కకో వెనక్కో అందించాలి తప్ప ముందుకు విసరకూడదు. అంత తోపులాటలోనూ ఈ నియమం నాకు భలే నచ్చింది.

మేం వెళ్లిన మైదానం పేరు ఓల్డ్ డీర్ పార్క్. ఆడుతున్నది లండన్ వెల్ష్ అనే క్లబ్బు. బ్రతుకుతెరువు కోసం వేల్స్ నుంచి లండన్ వచ్చి స్థిరపడిన వారు 1885లో పెట్టుకున్నారు. అక్కయ్యగారి పక్కింటి పెద్దాయన మా వెంటే వచ్చాడు. ఆయన తండ్రి పాల వ్యాపారానికని వేల్స్ నుంచి వచ్చాడట. "ఆదివారం ప్రార్థనకు, శనివారం ఇక్కడికి. మా చిన్నతనమంతా అంతే. నా మనవడికి వెల్ష్ మాట్లాడడం రాదు కాని, ఇక్కడ పాడే పాటలు వచ్చు" అన్నాడు. జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్లు మాత్రం గొంతెత్తి పాడుతున్నారు. నాకు బరంపురంలో మన ఉగాది కార్యక్రమం కళ్లకు కట్టింది. మన పిల్లలు కూడా ఒడియా అక్షరాల్లో రాసుకుని తెలుగు పద్యాలు అప్పజెబుతారు కదా!

ఆ క్లబ్బు సామాన్యమైనది కాదు. 1971లో బ్రిటిష్, ఐరిష్ ఆటగాళ్ల సంయుక్త జట్టు లయన్స్ న్యూజిలాండ్ వెళ్లి సీరీస్ గెలిచింది. న్యూజిలాండ్‌లో లయన్స్ సీరీస్ గెలవడం ఆ ఒక్కసారే. ఆ జట్టులో ఏడుగురు ఈ ఒక్క క్లబ్బువారే. కెప్టెన్ జాన్ డాస్ కూడా ఇక్కడివాడే.

1995లో రగ్బీ జీతాల ఆట అయింది. అక్కడి నుంచి కథ మారింది. 2012లో క్లబ్బు గెలిచి పై శ్రేణికి అర్హత సంపాదించింది. పై శ్రేణిలో ఆడాలంటే మైదానం ఫలానా స్థాయిలో ఉండాలని నిబంధన. పాత మైదానం చాలలేదు. సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఫుట్‌బాల్ స్టేడియానికి తరలిపోయారు. ఏడాదికే కింద పడ్డారు. 2014లో మళ్లీ పైకి వెళ్లారు. చాలామంది కొత్త ఆటగాళ్లను తెచ్చి జీతాలిచ్చారు. 2014-15లో ఆడిన 22 మ్యాచిలూ ఓడిపోయారు. సీజను మొత్తానికి వచ్చింది ఒక్క పాయింటు!

నేను చూసిన 2016-17 సీజను రెండో శ్రేణిది. దాన్ని అప్పట్లో ఛాంపియన్‌షిప్ అనేవారు. 12 జట్లు. ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో రెండేసిసార్లు ఆడాలి. క్లబ్బు తిరిగి పాత మైదానానికి వచ్చింది, పాటలూ తిరిగి వచ్చాయి. కాని అప్పులు కూడా వెంటే వచ్చాయి. పన్ను బకాయిల కోసం ప్రభుత్వ శాఖ కోర్టుకెక్కింది. కొత్త పెట్టుబడిదారుల కోసం ఎదురుచూశారు. నేను తిరిగొచ్చి డ్యూటీలో చేరిన రెండు నెలలకే, అంటే డిసెంబరులో, కంపెనీని లిక్విడేషన్‌లో పెట్టారన్న కబురు బావగారు ఫోనులో చెప్పారు. తాత్కాలిక అనుమతి మీద మరికొన్ని వారాలు ఆడారు. 2017 జనవరిలో రగ్బీ యూనియన్ ఇక కుదరదని లీగు నుంచి తొలగించింది. అంతేకాదు, ఆ సీజనులో వాళ్లాడిన మ్యాచిల ఫలితాలన్నీ పట్టికలోంచి కొట్టివేశారు. లీగు 11 జట్లతోనే ముగిసింది.

ముప్పై ఏళ్లుగా పద్దులు చూస్తున్నవాణ్ణి. తప్పు పడిన పద్దును ఎదురు పద్దు వేసి రద్దు చేస్తాం. అయినా ఆ రెండు పద్దులూ పుస్తకంలో కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడ కుర్రాళ్లు వానలో బురదలో ఆడిన ఆటలకు పట్టికలో ఆనవాలే లేదు. ఆ పక్కింటి పెద్దాయన ఏమన్నాడని బావగారిని అడిగాను. "ఏమీ అనలేదోయ్, ఆ శనివారం మా ఇంటికొచ్చి టీ తాగి కూర్చున్నాడు" అన్నారు.

ఇంకో విచిత్రం. ఆ 12 జట్లలో వలస వచ్చినవారి క్లబ్బులు మూడున్నాయి. లండన్ స్కాటిష్ 1999లోనే ఇలా పడిపోయింది. అట్టడుగు నుంచి ఔత్సాహికులతో మొదలుపెట్టి 2011కి రెండో శ్రేణికి వచ్చింది. లండన్ ఐరిష్ ఆ ఏడాది విజేతగా నిలిచి పైకి వెళ్లింది. 2023 జూన్‌లో అదీ అప్పుల పాలై పోటీలకు దూరమైంది. ఒకే లెడ్జరులో మూడు ఖాతాలు: ఒకటి పడి లేచింది, ఒకటి పడుతోంది, ఒకటి పడబోతోంది.

మరి లండన్ వెల్ష్ ఏమైంది? జీతాలిచ్చి నడిపిన జట్టు పోయింది. కాని అదే మైదానంలో ఉద్యోగాలు చేసుకుంటూ, తమ డబ్బుతో తామే ఆడుకునే ఔత్సాహికుల జట్టొకటి ఎప్పటినుంచో ఉంది. పేరు నిలబెట్టింది ఆ జట్టే. ఎన్నో మెట్లు కింద నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎక్కుతూ వచ్చింది.

అయితే చేయి బిగించుకుని కూర్చుంటే చాలా? చాలదు. దానికీ రగ్బీలోనే సాక్ష్యముంది, అదీ మన దేశంలోనే. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు రగ్బీ ఆడి, మరుసటి నెలలోనే క్లబ్బు పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఉచితంగా మద్యం పోయడం ఆపేశారు. సభ్యులు పోలోకీ టెన్నిసుకీ జారుకున్నారు. 1878లో క్లబ్బు మూసేశారు. బ్యాంకులో మాత్రం డబ్బుంది! ఖాతాలోని వెండి రూపాయలు తీయించి, 270 రూపాయలు కరిగించి, మూడు నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు ఆడుతున్నది ఆ కలకత్తా కప్పు కోసమే. నిల్వ ఉండి జనం లేకపోతే మిగిలేది కప్పే.

ఇప్పుడు మన సంగతి. స్వర్ణోత్సవానికి సినిమా తారలను, గాయకులను తెప్పించాలన్నది ఒక ప్రతిపాదన. అంచనా 18 లక్షలు. మన ఖాతాలో ఉన్నది 4 లక్షల చిల్లర. మిగతాది ఒక దాత చూసుకుంటానన్నారు. ఆయన మాట మీద నాకు గౌరవముంది. కాని చూసుకుంటానన్న మాటను పుస్తకంలో జమ రాయలేను. ఇవ్వలేని పరిస్థితి వస్తే మొదట ఆగిపోయేది ఏమిటో తెలుసా? ఏడాదికి 36 వేల ఖర్చుతో నడిచే ఆదివారం తెలుగు బడి. ప్రస్తుతం దానికి వస్తున్నది 14 మంది పిల్లలు.

కుర్రవాళ్ల వాదన కూడా కాదనను. "పెద్ద కార్యక్రమం లేకపోతే జనం రారండీ" అంటున్నారు. కలకత్తా క్లబ్బు కథ వాళ్ల పక్షమే. అందుకని నా సవరణ ఇది. ముందు మూడేళ్ల బడి ఖర్చు, అంటే లక్షా 8 వేలు, వేరే ఖాతాలో ఫిక్సెడ్ డిపాజిట్ వేద్దాం. మిగిలిన దానితో, చేతికందిన విరాళాలతో ఉత్సవం ఘనంగానే చేద్దాం. వేదిక మీద మన పిల్లలుంటారు. తారలను తేగలిగితే తెద్దాం, అప్పు మాత్రం వద్దు.

ఆ 14 మందిలో ఒకరు నా మనవరాలు. మొన్న ఆదివారం తన పేరు తెలుగులో రాసి, సున్నా పెట్టడం మరిచిపోయి, మళ్లీ దిద్దుకుంది.

సమావేశానికి తప్పకుండా రండి. నాతో ఏకీభవించని వారు మరీ తప్పకుండా రండి. చందా బాకీ ఉన్నవారు ముందుగా చెల్లించి రసీదు పుచ్చుకోండి. బాకీదారులకు ఓటు లేదని మన నిబంధనావళిలో ఉంది!