నమ్మి ఇచ్చిన సొత్తు కాజేస్తే మోసమా? నమ్మకద్రోహమా?.. సెక్షన్ తప్పితే కేసే నిలవదు!

ఫోన్‌పేలో ఎవరో పొరపాటున మీ అకౌంట్‌కి రూ.20 వేలు పంపారు. వెనక్కి ఇవ్వమని అడిగినా పట్టించుకోకుండా ఖర్చుపెట్టేశారు. దొంగతనం చేయలేదు కదా అనుకుంటే కుదరదు. పరుల సొత్తును సొంతానికి వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 314 సెక్షన్ కింద నేరం. రుజువైతే కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు, జరిమానా. పాత ఐపీసీలో జరిమానాతోనే బయటపడే వీలుండేది. 2024 జులై 1 నుంచి అదీ పోయింది. ఆటోలో దొరికిన ఫోన్‌కూ ఇదే రూల్. ఓనర్‌కి ఇద్దామని దాచిపెడితే తప్పులేదు, సిమ్ తీసి పడేస్తేనే చిక్కు.

అసలు గందరగోళం మిగతా రెండింటితో! ఊరెళ్తూ పక్కింటావిడ దగ్గర దాచిన నగలను ఆమె కుదవపెట్టేసుకుంటే అది నమ్మకద్రోహం. సెక్షన్ 316, 5 ఏళ్ల వరకు జైలు. ఇలాంటి పనే బ్యాంకరో, ప్రభుత్వోద్యోగో ఉద్యోగ హోదాలో చేస్తే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. అలా కాకుండా, తక్కువ వడ్డీకి లోన్ ఇప్పిస్తానని మొదట్నుంచీ కల్లబొల్లి మాటలు చెప్పి నగలు పట్టుకెళ్తే మోసం. సెక్షన్ 318, 7 ఏళ్ల వరకు. దుర్బుద్ధి ఎప్పుడు పుట్టిందన్నదే తేడా.

ఫిర్యాదుల్లో మాత్రం ఎందుకైనా మంచిదని రెండూ కలిపి రాసేస్తుంటారు. దీనిపైనే 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడింది. గుర్రాలకు దాణా సప్లై చేసిన వ్యాపారి.. రూ.9 లక్షలకు పైగా బకాయి రాలేదని నమ్మకద్రోహం కేసు పెట్టారు. సరుకు అమ్మేశాక అది కొన్నవాళ్లదే, ఇక నమ్మి అప్పగించింది ఏముందంటూ జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రా బెంచ్ కేసు కొట్టేసింది. ఒకే విషయంలో మోసం, నమ్మకద్రోహం రెండూ కలిసి ఉండవని తేల్చింది. ఇన్నేళ్లైనా కోర్టులకే ఈ తేడా అర్థం కావట్లేదని బాధపడింది కూడా.

మరి చేబదులు ఇచ్చిన డబ్బు రాకపోతే? తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించలేకపోతే అది సివిల్ దావానే. మామూలుగా ప్రామిసరీ నోటుపై దావాకు గడువు 3 ఏళ్లు. స్టేషన్ చుట్టూ తిరుగుతున్నామని ఆ గడువు ఆగదు.