మన ఆకునే మనకు డబ్బాలో అమ్ముతున్నారు

ఏజెన్సీ సంతల్లో ఉప్పు, ఎండు చేపలు, ప్లాస్టిక్ బిందెల పక్కకు ఇప్పుడు ఇంకో సరుకు వచ్చి కూర్చుంది. తెల్లటి డబ్బా, దాని మీద పచ్చని ఆకు బొమ్మ, లోపల అరవయ్యో తొంభయ్యో గొట్టం మాత్రలు. పాతిక రకాల పళ్లూ కూరగాయలూ ఎండబెట్టి, పొడి కొట్టి నింపామంటారు. మందుల షాపులో దొరికే మల్టీవిటమిన్ మాత్ర ‘కెమికల్’ అట, ఇది ‘నేచురల్’ అట. అది ఒంటికి పట్టదట, ఇది ఇట్టే పడుతుందట. రక్తం తక్కువైనా, మోకాళ్ల నొప్పులైనా, షుగరైనా, పిల్లలు పుట్టకపోయినా అన్నిటికీ అదే డబ్బా.

అమ్మేది బయటివాడే అయితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. బయటి షావుకారు సంగతి మన తాతలకే తెలుసు. ఇప్పుడు అమ్ముతున్నది మన పిల్లలు. డిగ్రీ చదివి డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తమ్ముడు టై కట్టుకుని ఇంటికొస్తాడు. తన కింద ఇద్దరిని, ఆ ఇద్దరి కింద నలుగురిని చేర్చాలి. ముందు చేరేది మేనత్త, పెదనాన్న, ఊళ్లో ఆశా కార్యకర్త. కొన్నిచోట్ల మాస్టారే ‘లీడర్’. ఆదివారం బడి గదిలోనే మీటింగు. అందుకే ఈ మాటలు మన యువకులకూ మన టీచర్లకూ చెబుతున్నాం.

ముందు ఆ గొట్టం విప్పి లెక్క చూద్దాం. మామూలుగా ఒక గొట్టంలో పట్టే పొడి అర గ్రాము. రోజుకు రెండు వేసుకోమంటారు కాబట్టి ఒక గ్రాము. పచ్చి ఆకుకూరలో పది పాళ్లకు ఎనిమిది తొమ్మిది పాళ్లు నీళ్లే. అంటే ఆ గ్రాము పొడి వెనక ఉన్నది మహా అయితే పది గ్రాముల పచ్చి ఆకు. పెరట్లో మునగ కొమ్మ వంచి గుప్పెడు దూస్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ప్రకారం మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల పళ్లూ కూరగాయలూ తినాలి. నాలుగు వందలెక్కడ, పదెక్కడ? పైగా పాతిక రకాలు కలిపామంటున్నారు. అప్పుడు ఒక్కో పండు వాటా గ్రాములో పాతికో వంతు. లెక్కల మాస్టార్లు దీన్ని ఐదో తరగతి పిల్లలతో చేయించవచ్చు. డబ్బా ధరను గ్రాములకు భాగించమని కూడా చెప్పండి. కిలో ఎంత పడుతుందో పిల్లలే కేక పెట్టి చెబుతారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన ఆహార పట్టికలు చూస్తే, 100 గ్రాముల ఉసిరిలో సుమారు 250 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంది. ఒక మగమనిషికి రోజుకు కావలసింది 80. పిడికెడు అడవి ఉసిరికాయలతో ఆ రోజు పని అయిపోతుంది. వంద గ్రాముల చోళ్లలో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అదే బరువు పాలలో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. మనం ఏరిన ఉసిరి, కరక్కాయ, తేనె కిలోల లెక్కన కొండ దిగుతాయి. అలాంటివే గ్రాముల లెక్కన డబ్బాలో కొండెక్కుతున్నాయి. దీన్ని వ్యాపారం అంటారేమో గానీ ఆరోగ్యం అనరు.

ఇక ఆ ‘కెమికల్’ అన్న మాట సంగతి. ఈ మాట మన మీద బాగా పనిచేస్తుంది. ఎందుకంటే అడవి అంటే మనకు గర్వం. ఆకు, వేరు, బెరడు అంటే మన పెద్దల తెలివి. ఆ గర్వాన్నే వాళ్లు ఎరగా వాడుతున్నారు. కానీ ఉసిరిలోని సి విటమిన్, ఫ్యాక్టరీలో చేసిన ఆస్కార్బిక్ యాసిడ్ ఒకటే పదార్థం. ఒంట్లోకి వెళ్లాక ఇది అడవిదా, ఫ్యాక్టరీదా అని మన పేగు అడగదు. ఉసిరికాయకు ఉన్న గొప్ప వేరు. అందులో సి విటమిన్‌తో పాటు పీచు, నీరు, వగరు, ఇంకా ఎన్నో కలిసి వస్తాయి. ఆ కలయికను ఎండబెట్టి, నలగ్గొట్టి, చిటికెడు చేసి గొట్టంలో పెట్టాక మిగిలేది చాలా తక్కువ. సి విటమిన్ అయితే వేడికీ నిలవకూ తట్టుకోదు. అందుకే కొన్ని ‘నేచురల్’ డబ్బాల్లో ఫ్యాక్టరీ విటమినే మళ్లీ కలుపుతారు. వెనక చీటీలో సన్నక్షరాల్లో ఆస్కార్బిక్ యాసిడ్ అని ఉందేమో చూడండి. ముందు వైపు ఆకు బొమ్మ, వెనక వైపు వాళ్లు తిట్టిన కెమికలే.

టీచర్లు పిల్లలకు చెప్పదగ్గ కథ ఒకటుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు రక్తం లేక పాలిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకునేవారు. వాళ్ల తిండిలోనే ఏదో కొరత ఉందని ఆమె పసిగట్టింది. ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే చౌక ముద్ద తినిపించి చూసింది. రక్తం పట్టింది. అందులో ఏ పదార్థం పనిచేసిందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి వడగట్టి ఆ పదార్థాన్ని కొద్దిగా పట్టుకున్నారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. ఆకులో దొరికింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ఆకుతో పని లేకుండా తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన బృందం.

ఏఎన్ఎం అక్క గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో ఉన్నది అదే. ఆ మాత్ర పేరులోనే ఆకు ఉంది. నాలుగు టన్నుల ఆకు అవసరం లేకుండా అణా ఖర్చుతో పేద తల్లికి అందించడానికి అంత మంది అంత కాలం కష్టపడ్డారు. దాన్ని ‘కెమికల్’ అని తుడిచేసి, పది గ్రాముల ఆకు పొడిని దాని స్థానంలో పెట్టమంటున్నారు! ఆకులోని ఫోలేట్ వంటలో చాలా భాగం పోతుంది. మిగిలినదాని కంటే మాత్రలోదే ఒంటికి బాగా పడుతుంది. కడుపు నిలవక ముందు నుంచీ ఈ విటమిన్ అందితే, వెన్నెముక మూసుకోకుండా పుట్టే బిడ్డలు తగ్గుతారని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులలో ఆ ప్రమాదం దాదాపు మూడు వంతులు తగ్గింది.

ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము కూడా ఉంది. గ్రాము ఆకు పొడిలో ఒక్క మిల్లీగ్రాము కూడా నిండదు. ఎర్ర మాత్ర ఉచితం, 180 రోజులు ఇస్తారు. డబ్బా మాత్రం అప్పు చేసి కొనాలి. ఇక బి12 విటమిన్ ఏ ఆకులోనూ ఏ పండులోనూ లేదు. అది మన పెద్దలకు ఎండు చేప నుంచి, పీత నుంచి, కోడి నుంచి, వేట మాంసం నుంచి వచ్చింది. పళ్ల పొడి తాగి మాంసం మానేయమని చెప్పే లీడర్లను మేము విన్నాం. అలా చెప్పేవాడికి మన తిండి అంటే లోలోపల ఏవగింపు ఉందని మా అనుమానం.

సికిల్ సెల్ జబ్బు ఉన్న మన పిల్లల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాళ్లకు ఇనుము ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి. ఎక్కించిన రక్తంతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోయిన వాళ్లు ఉంటారు. ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా మాత్రం ఆపకూడదు. సంతలో డబ్బా అమ్మేవాడు నీకు సికిల్ ఉందా అని అడుగుతాడా? ‘అన్ని మందులూ మానెయ్, ఇదొక్కటి చాలు’ అన్నవాడు ప్రాణంతో ఆడుతున్నాడు.

ఇంత చెప్పినందుకు మల్టీవిటమిన్ కంపెనీల పక్షాన మాట్లాడుతున్నామని అనుకోవద్దు. నీరసం అని వెళితే ఊరి డాక్టరు రాసే బలం మాత్రలూ, ఎక్కించే సెలైన్ సీసా మన కూలి డబ్బును ఎన్నాళ్లుగానో తాగుతున్నాయి. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంది కదా, ఒంటికి అక్కర్లేని విటమిన్ అలా బయటికి పోతోందన్నమాట. కొన్న డబ్బూ దానితోనే. ఎ, డి విటమిన్లు అలా పోవు, ఒంట్లో పేరుకుంటాయి. గర్భిణి ఎ విటమిన్ ఎక్కువ మోతాదులో వేసుకుంటే బిడ్డకే చెడుపు. ఫిన్‌లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందిపై చేసిన పరిశీలన ఫలితం 1994లో వచ్చింది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. డబ్బా అమ్మేవాళ్లు ఈ కథ కూడా చెబుతారు, చూశారా కెమికల్ చంపుతుంది అని. ఆ పరిశీలన చెప్పింది వేరు. కూరగాయలు తిన్నవాడికి కలిగే మేలు కూరగాయలోంచి తీసిన ఒక్క ముక్కతో రాదని. ఆ దెబ్బ పొడికీ తగులుతుంది.

కొరత తేలినప్పుడు, ఆ కొరతకే, లెక్క తెలిసిన మోతాదులో వేసుకునేది మందు. రోజూ కంచంలో ఉండాల్సింది తిండి. ఆకు బొమ్మ డబ్బా ఈ రెంటిలో దేనికీ చెందదు. ఇది మా మాట కాదు, చట్టం చెప్పిందే. ఇలాంటి సప్లిమెంట్ల మీద ఇది వైద్యానికి వాడేది కాదు అని తప్పనిసరిగా రాయాలని ఆహార భద్రత నిబంధనలు 2016 నుంచీ చెబుతున్నాయి. ఆ మాట ఇంగ్లీషులో ఉంటుంది. మన అవ్వ చదవలేదు. చదవగలిగిన మనవడే అమ్ముతున్నాడు.

సర్కారును కూడా వదిలేది లేదు. దేశంలో రక్తహీనత ఉన్న స్త్రీలు 2015-16 సర్వేలో 53 శాతం, 2019-21 సర్వేలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఈ మధ్యకాలమంతా మాత్రలు పంచుతూనే ఉన్నారు. పంచినట్టు రిజిస్టర్లు నిండాయి. ఖాళీ కడుపుతో మింగితే వికారం వస్తుందనీ, మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదనీ, టీతో వేసుకుంటే ఇనుము పట్టదనీ ఆశ్రమ పాఠశాల ఆడపిల్లకు ఎవరు చెప్పారు? చెప్పకపోతే ఆ నీలం మాత్ర హాస్టల్ గోడ అవతలికే పోతుంది. అప్పుడు డబ్బా లీడరు వచ్చి తియ్యగా మాట్లాడతాడు. చెప్పులు లేని కాళ్ల గుండా ఎక్కే కొంకి పురుగు, ఏటేటా వచ్చే మలేరియా మన రక్తాన్ని తాగుతుంటే, కారణం వదిలేసి మాత్రలు లెక్కబెట్టడం పాలన అనిపించుకోదు.

చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, చిక్కుళ్లు కలిపి వేసిన పోడు ఎక్కడికి పోయింది? ఆ కొండ మీద ఇప్పుడు కాఫీ ఉంది, జీడిమామిడి ఉంది, మైదానం అంచున పత్తి ఉంది. చేతికి డబ్బు వచ్చింది నిజమే, కాదనం. కానీ కంచంలో రేషన్ బియ్యం తెల్లగా మిగిలింది. వానాకాలం వెదురు కొమ్ములు, అడవి దుంపలు, పుట్టగొడుగులు, ఎండాకాలం తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఇప్పపువ్వు, చింతచిగురు ఇవన్నీ అవ్వలకు తెలుసు. మనవరాలికి పేర్లు కూడా తెలియవు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం గ్రామసభలో కూర్చోవాల్సిన యువకుడు ప్రొజెక్టర్ ముందు కూర్చుని ‘డైమండ్ లెవెల్’ కలలు కంటున్నాడు. మన కోపం అసలు అక్కడ.

టీచర్లకు ఒక మాట. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా మీరు వ్యాపారం చేయకూడదు. నియమం పక్కన పెట్టినా, మీరు చెబితే మా ఊరు నమ్ముతుంది. ఆ నమ్మకం మీ జీతంతో వచ్చింది కాదు. బడి గది మీటింగుకు అడిగితే తాళం ఇవ్వకండి. ఇచ్చి తీరాల్సి వస్తే వెనక బెంచీలో కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఒక గొట్టంలో పొడి ఎన్ని గ్రాములు? వెనక చీటీ మీద సన్నక్షరాలు తెలుగులో చదివి వినిపిస్తారా? సరుకు అమ్మినందుకు ఎంత, మనిషిని చేర్చినందుకు ఎంత? మూడో ప్రశ్నకు నీళ్లు నములుతారు. మనుషుల్ని చేర్చినందుకు డబ్బు తిప్పే పథకాలను 1978 చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ అదే చెబుతున్నాయి. వాటి ప్రకారం అమ్మేవాడు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా ఒప్పుకోలు తీసుకోకుండా గడప తొక్కకూడదు.

ఇప్పటికే చేరిపోయి, అమ్ముడుపోని డబ్బాలు మంచం కింద పేర్చుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ మీద మాకు కోపం లేదు. వాటిని ఇంకో మేనత్తకు అంటగట్టకండి. ఒప్పందం చేసుకున్నాక కొంత గడువులోగా వెనక్కి తగ్గే హక్కు ఆ నిబంధనల్లోనే ఉంది. ఇచ్చిన కాగితం, కట్టిన డబ్బుకు రశీదు, ఫోన్‌లో పంపిన మెసేజీలు దాచి పెట్టుకోండి. కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.