మేత తగువుకు తీర్పరులు మగవాళ్లేనా?

మేత దగ్గర, నీటి దగ్గర తగువొస్తే పెద్దమనుషులు కూర్చుని తీరుస్తారంటారు. అరసవల్లిలో ఉంటూ నేనూ ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ పెద్దమనుషుల్లో ఆడవాళ్లెందరు? గడ్డి కోసేది మనం, కుడితి పెట్టేది మనం, నీళ్లు మోసేది మనం. తీర్పు మాత్రం మగవాళ్లది!

మన జిల్లా సోంపేట బీలనే చూడండి. పొలానికి నీరు, పశువుకు మేత, జాలరికి చేప ఇచ్చే ఆ తడినేలను ప్రభుత్వం పనికిరాని భూమిగా లెక్కగట్టి థర్మల్ కేంద్రానికిచ్చింది. ఎదిరించిన జనం మీద 2010 జూలై 14న కాల్పులు జరిపించింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ తూటాలే. రెండుచోట్లా ఆడవాళ్లు పోరాటంలో నిలబడ్డారు. లాఠీకి పనికొచ్చినవాళ్లు చర్చకు పనికిరారా?

ఆక్రమణకు గురైన ఊరుమ్మడి భూములను తిరిగి పంచాయతీలకు అప్పగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ పంచాయతీలో సగం సీట్లు మనవైనా, కుర్చీ భార్యది, పెత్తనం భర్తది అయినప్పుడు ఆ భూమి ఎవరి చేతికి వచ్చినట్టు?

కెన్యాలోని వజీర్‌లో సోమాలీ పశుకాపరి తెగలు ఒకరినొకరు చంపుకుంటుంటే 1993లో ముందుగా కదిలింది ఆడవాళ్లే. ఏ తెగవారైనా సంతలో కొనొచ్చు, అమ్మొచ్చు అని కట్టుబాటు చేసుకున్నారు. ఆ తర్వాత తెగల పెద్దల్ని మాటలకు కూర్చోబెట్టారు. వాళ్లను ఎవరూ పిలవలేదు, వాళ్లే వెళ్లారు.

మనమూ వెళదాం. ఊరి మేతభూముల, చెరువుల హద్దులు గ్రామసభలో చదివి వినిపించమని అడుగుదాం. తగువు తీర్చేచోట సగంమంది ఆడవాళ్లుండాలి, గొర్రెలకాపరి ఇంటి ఆడవాళ్లతో సహా. మనం లేని రాజీ మనకు తీర్పు కాదు.