మన రాతలను వెంట తీసుకెళ్లే హక్కు కావాలి



సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అనే చర్చ మన పత్రికల్లో ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ మనం రాసినదాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తోంది.

మా తరం ఆర్కుట్‌తో మొదలైంది. కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లో కూర్చుని మిత్రులకు స్క్రాపులు, టెస్టిమోనియల్స్ రాసేవాళ్లం. మొదట తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం. ఆ అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని వచ్చాక మన లిపిలోనే రాయడం అలవాటైంది. 2004లో పుట్టిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2011లో వచ్చి 2019లో వెళ్లిపోయింది. అమెరికాలోనూ ఇక్కడా ఉన్న తెలుగువాళ్లు సాహిత్యం గురించి వాదించుకున్న రచ్చబండ యాహూ గ్రూపుగానే పెరిగింది. ఆ గ్రూపుల సేవ 2020 డిసెంబరులో ఆగిపోయింది. ఇప్పుడు రాస్తున్నచోటు పదేళ్ల తర్వాత ఉంటుందని ఎవరు చెప్పగలరు?

మన ఖాతాలోని సమాచారాన్ని దించుకునే వీలు కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. ఫేస్‌బుక్‌లో అది 2010 నుంచే ఉంది. అయితే అది వాళ్లు ఇచ్చినంతకాలమే, ఇచ్చిన రూపంలోనే. మా నాన్నగారు తమ చివరి ఏళ్లలో గోదావరి వరదల గురించి, మా లంకల్లో పాతకాలపు సేద్యం గురించి ఒక సైటులో ఎంతో రాశారు. ఆయన పోయాక వాటిని భద్రపరుద్దామని ఫైలు దించితే తెలుగంతా అర్థంకాని గుర్తులుగా వచ్చింది. కంప్యూటర్ తెలిసిన బంధువు ఒకాయన కూర్చుని సరిచేశాకే చదవగలిగాం. అలాంటి మనిషి అందరి ఇళ్లలో ఉండరు.

వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కోసం జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన 2018 ముసాయిదాలో, తర్వాత 2019 బిల్లులో, మన డేటాను యంత్రాలు చదవగల రూపంలో తీసుకుని మరోచోటికి మార్చుకునే హక్కు ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో అది లేదు. ఆ చట్టం ప్రకారం తప్పులు దిద్దించుకోవచ్చు, డేటా తొలగించమని అడగవచ్చు, మన తర్వాత ఆ హక్కులు వాడుకోవడానికి నామినీని పెట్టుకోవచ్చు. వెంట తీసుకెళ్లే హక్కు మాత్రం రాలేదు. ఐరోపా సమాఖ్యలో అది 2018 నుంచి అమల్లో ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సొంత సామాను కోసం యజమాని దయ అడగాల్సిన గతి ఎవరికీ ఉండకూడదు.

నాలుగు కబుర్లకు ఇంత పట్టుదలా అని కొందరు అంటారు. గురజాడ లేఖలు, డైరీలు మిగిలాయి కాబట్టే ఆయన కాలాన్ని ఆయన మాటల్లోనే ఇవాళ చదువుతున్నాం. ఈ పాతికేళ్ల తెలుగువాళ్ల ఉత్తరాలూ డైరీలూ ఈ సైట్లలోనే ఉన్నాయి.

అందుకే మన పార్లమెంటు సభ్యులు ఈ హక్కును తిరిగి చట్టంలో చేర్పించాలి. దించుకున్న ఫైలులో తెలుగు తెలుగుగానే కనిపించాలన్న నిబంధన, సైటు మూసేముందు కనీసం ఏడాది గడువు అందులో ఉండాలి. పాఠకులు చట్టం వచ్చేదాకా ఆగకుండా తమ రాతల ప్రతి ఒకటి ఇప్పుడే దించి దాచుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అమలాపురం