మన ఊరి కబుర్లు: ఒకటో నంబరు స్క్వాడ్రన్



ఈసారి కబురు మన లెస్టర్‌దే. బెల్‌గ్రేవ్ రోడ్డు దీపాల గురించి అడిగితే మనలో ప్రతివారూ పది నిమిషాలు మాట్లాడగలరు. ఇదే ఊళ్ళో ఎనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్న "1ఎఫ్ సిటీ ఆఫ్ లెస్టర్" ఎయిర్ కాడెట్ స్క్వాడ్రన్ గురించి అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. నేనూ మొన్నమొన్నటిదాకా అలా వేసినవాణ్ణే. మా అమ్మాయి పుణ్యమా అని నాలుగు ముక్కలు తెలిశాయి.

దానికి పదమూడేళ్ళప్పుడు ఒక దరఖాస్తు కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. "యూనిఫారం వేసుకుంటే రేపు యుద్ధానికి పంపరూ?" అని మా ఆవిడ భయపడింది. "ముందు లెక్కల ట్యూషన్ సంగతి చూడు" అని నేను కొట్టిపారేశాను. ఆ కాగితం రెండేళ్ళు ఫ్రిజ్ మీదే ఉంది. తీరా చేరేసరికి దానికి పదిహేను వచ్చాయి. మొదటి రోజు బూట్లు పాలిష్ చెయ్యడం నేర్పింది దాని ఈడు పిల్లే. ఆ పిల్ల అప్పటికే కార్పొరల్. ఇంటికొచ్చి మా అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

ఎందుకంటే గుంటూరు కాలేజీలో నేనూ ఎన్.సి.సి. వాణ్ణే. గంజిపెట్టిన ఖాకీ బట్టలు, ఆదివారం పరేడు, పరేడయ్యాక పూరీలు! ఆనాడు మా నాన్న నా కాగితం మీద మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

ఇక చరిత్ర. 1938లో, యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజుల్లో, ఎయర్ కమోడోర్ జాన్ చామియర్ అనే విశ్రాంత అధికారికి ఒక ఆలోచన వచ్చింది. విమానాల మీద మోజున్న కుర్రాళ్ళకు ముందునుంచే శిక్షణ ఇస్తే రేపు దేశానికి అక్కరకొస్తారని. ఆయన ఎయిర్ లీగ్ అనే సంస్థకు కార్యదర్శి. ఆ సంస్థ తరఫున ఎయిర్ డిఫెన్స్ కాడెట్ కోర్ మొదలుపెట్టారు. అప్పటికది సర్కారువారి సొమ్ముతో నడిచేది కాదు. ఏ ఊరికా ఊరు కమిటీ వేసుకుని, చందాలు పోగుచేసి, దళాన్ని నిలబెట్టుకోవాలి. ఆ వరుసలో ఒకటో నంబరు మన లెస్టర్‌ది. పక్కనున్న "ఎఫ్" అక్షరం వ్యవస్థాపక దళమని చెప్పే గుర్తు.

యుద్ధం వచ్చాక ఈ పిల్లలు వైమానిక స్థావరాల్లో ఇసుక బస్తాలు నింపారు, కబుర్లు మోశారు, తూటాల పట్టీలు సిద్ధం చేశారు. వీళ్ళ పని చూసి ప్రభుత్వమే బాధ్యత తీసుకుంది. 1941 ఫిబ్రవరి 5న ఎయిర్ ట్రైనింగ్ కోర్ ఏర్పడింది. ఆడపిల్లలకు మాత్రం 1980 దశకం మొదట్లో గాని తలుపులు తెరుచుకోలేదు. మన దేశంలో ఎన్.సి.సి. 1948లో, దాని వైమానిక విభాగం 1950లో వచ్చాయి.

మా ఆవిడలాగా భయపడే తల్లులకు ఒక మాట. కాడెట్లు సైన్యంలో భాగం కారు. పెద్దయ్యాక సైన్యంలో చేరాలన్న నిర్బంధమూ లేదు. పన్నెండేళ్ళు నిండి, బడిలో ఎనిమిదో ఇయరుకు వచ్చిన పిల్లలు చేరవచ్చు. డ్రిల్లు, ప్రథమ చికిత్స, మ్యాపు చూసి దారి పట్టడం, విమానం ఎలా ఎగురుతుందన్న పాఠాలు ఉంటాయి. అదృష్టం బాగుంటే గాలిలోకీ తీసుకెళతారు. 1996 వరకూ చిప్‌మంక్ విమానాలు ఉండేవి, ఇప్పుడు ట్యూటర్ విమానాలు. పైలట్ పక్కన కూర్చున్న మా అమ్మాయి చేతికి కాసేపు కంట్రోలు ఇచ్చారట. ఆ రాత్రి అన్నం తింటూ ప్లేటునే విమానంలా వంచి చూపించింది. పప్పంతా బల్ల మీద!

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్ళుగా ఇటువంటి దళాలు నిలబడింది యూనిఫారాల వల్ల మాత్రమే కాదు. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఉచితంగా వచ్చి పాఠం చెప్పేవారి వల్ల. టీ కాచేవారి వల్ల, చందా డబ్బాల లెక్క రాసే పౌర కమిటీ వల్ల. మరి మనం? పిల్లల్ని గుమ్మం దగ్గర దింపి, కారులో హీటరు వేసుకుని, ఇండియాకు ఫోను చేసుకుంటూ కూర్చుంటాం. నేనూ ఒక శీతాకాలమంతా అలాగే కూర్చున్నాను.

పోయిన నవంబరులో అమరవీరుల సంస్మరణ ఆదివారం నాడు విక్టోరియా పార్కుకు వెళ్ళాం. మా అత్తగారు కూడా వచ్చారు. స్మారక తోరణం చూడగానే, "అల్లుడుగారూ, ఇది మన ఇండియా గేటులా ఉందేమిటి?" అన్నారు. ఉండదు మరి! రెండింటికీ రూపమిచ్చింది ఒక్కరే, ఎడ్విన్ లట్యెన్స్. ఇక్కడిది 1925లో, ఢిల్లీది 1931లో ఆవిష్కరించారు. ఆ తోరణం ముందు, వానలో, కదలకుండా నిలబడ్డ పిల్లల వరుసలో మా అమ్మాయి కనబడింది. "మన పిల్లేనా!" అని అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వరుస వెనకాల గొడుగుల కింద కమిటీవాళ్ళు నిలబడి ఉన్నారు. నాకు వాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియదు. అప్పుడు నిజంగా సిగ్గేసింది.

ఆ మరుసటి వారం కారు దిగి లోపలికి వెళ్ళాను. ఇప్పుడు నేను కప్పులు కడుగుతాను, చిల్లర లెక్కపెడతాను. మన సంఘంలోనూ కుర్చీలు వేసేవాళ్ళు ఎప్పుడూ ఆ పదిమందే కదా, ఆ కష్టం మనకు తెలియనిదా?

మీ ఇంట్లోనూ ఫ్రిజ్ మీద అటువంటి కాగితం ఏదైనా ఉంటే, ఈ పండక్కి దింపి సంతకం పెట్టండి. పిల్లల్ని దింపడానికి వెళ్ళినప్పుడు మీరూ కారు దిగండి. టీ నేను పోస్తాను.